ట్రాక్టర్ రోడ్డెక్కాలంటే: కాగితాల నుంచి కేజ్ వీల్స్ దాకా సమగ్ర మార్గదర్శి

ట్రాలీకి వేరే నంబరు ఉండాలా? కారు లైసెన్సుతో ట్రాక్టర్ నడపొచ్చా? కేజ్ వీల్స్‌తో, అంటే దమ్ముకు వాడే ఇనుప చక్రాలతో, తారు రోడ్డు మీద పోతే కేసు పెడతారా? కూలీలను ట్రాలీలో తీసుకెళ్తే ఏమవుతుంది? నాట్లు మొదలైన దగ్గర్నుంచి ధాన్యం మిల్లుకు చేరేదాకా ఈ ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతులు, ట్రాక్టర్ డ్రైవర్ల కోసం వాటన్నిటికీ పని జరిగే వరసలోనే ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. ట్రాక్టర్ మీద ఎత్తులో కూర్చుంటాం కాబట్టి ముందున్నదంతా బాగానే కనిపిస్తుంది. చిక్కంతా వెనకాల ఉంటుంది: ట్రాలీ, దాని లైట్లు, అందులో ఎక్కినవాళ్లు, వెనక నుంచి వేగంగా వచ్చే బండి. అందుకే ఇందులో ఎక్కువ భాగం వెనక వైపు గురించే ఉంటుంది.

జరిమానాల గురించి కూడా ఒక గమనిక. ఇక్కడ రాసినవి 2019లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల చట్టంలో ఉన్న మొత్తాలు. అక్కడికక్కడ చలాన్‌గా కట్టించుకునే మొత్తాన్ని చాలా నేరాలకు రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి ఆంధ్రలో ఒకలా, తెలంగాణలో ఒకలా ఉండొచ్చు.

## 1. కాగితాలు: ట్రాక్టర్‌కు ఒక సెట్టు, ట్రాలీకి ఇంకో సెట్టు

చట్టం లెక్కలో ట్రాలీ విడి వాహనం. ట్రాక్టర్‌కు ఆర్‌సీ ఉంటే ట్రాలీకి కూడా ఉన్నట్టే అనుకోవడం పొరపాటు. రిజిస్ట్రేషన్ లేని ట్రాలీతో మొదటిసారి దొరికితే 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది.

ఊళ్లో వెల్డింగ్ షాపులో చవగ్గా చేయించిన ట్రాలీతోనే ఈ తలనొప్పి మొదలవుతుంది. అమ్మకం ధ్రువపత్రం (ఫారం 21), తయారీదారు ఇచ్చే రోడ్డు యోగ్యత పత్రం (ఫారం 22) లేకుండా ఆర్‌టీఓ ఆఫీసులో పని జరగదు. ట్రాలీకి బేరమాడేటప్పుడే ఈ రెండూ ఇస్తారా అని అడగండి. ఇవ్వనంటే ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

ఇన్సూరెన్స్ కాపీని ఒకసారి బయటకు తీసి చదవండి. చూడాల్సినవి మూడు:

- ట్రాలీ నంబరు పాలసీలో ఉందా?
- వాడకం దగ్గర ‘వ్యవసాయం’ అని రాశారా, ‘వాణిజ్యం’ అనా?
- గడువు ఎప్పటిదాకా ఉంది? షోరూం వాళ్లు మొదటి ఏడాది కట్టిన పాలసీయే ఇంకా నడుస్తోందని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకపోతే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. అసలు భయం ఆ 2,000 గురించి కాదు. ప్రమాదం జరిగితే లక్షల్లో పరిహారం మీ పొలం అమ్మి కట్టాల్సి రావచ్చు.

వ్యవసాయానికి రిజిస్టర్ చేసిన ట్రాక్టర్‌తో కిరాయికి ఇసుక, ఇటుక, మట్టి తోలితే వాడకం మారిపోయినట్టే. ఇటుక బట్టీ మట్టి కోసం ట్రాలీలో వెళ్తూ గాయపడిన ఒక కూలీ కేసులో, పాలసీ వ్యవసాయ పనికే పరిమితం కాబట్టి పరిహారం బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీది కాదని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది. బాధితుడు పేదవాడని ముందు కంపెనీనే కట్టమని, తర్వాత ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోమని చెప్పింది. కిరాయిలు తోలే ఉద్దేశం ఉంటే మొదటే వాణిజ్య రిజిస్ట్రేషన్, దానికి తగ్గ పాలసీ తీసుకోండి.

కాగితాలన్నీ జేబులో మోయక్కర్లేదు. డిజీలాకర్ లేదా ఎంపరివాహన్ యాప్‌లో చూపిస్తే చెల్లుతాయి. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా చూసుకోండి. వ్యవసాయ ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నిండాక రెన్యువల్ చేయించాలి.

## 2. సీట్లో ఎవరు కూర్చోవాలి

కారు లైసెన్సు, అంటే లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉంటే చాలు. ఖాళీ బరువు 7,500 కిలోలు దాటని ట్రాక్టర్‌ను చట్టం ఆ కోవలోనే చేర్చింది. మన ఊళ్లలో తిరిగే ట్రాక్టర్లన్నీ దాదాపు ఇందులోకే వస్తాయి. ట్రాక్టర్ లైసెన్సు ఉన్నవాడు దానికి ట్రాలీ తగిలించి నడిపితే లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను కూడా ఈ లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం స్పష్టం చేసింది. బైకు లైసెన్సు మాత్రం పనికిరాదు.

వయసు 18 నిండాలి. వాణిజ్య వాహనంగా రిజిస్టర్ అయితే 20.

ఇంటర్ చదివే అబ్బాయికి తాళం ఇచ్చి “మిల్లు దాకా పోయిరా” అనడం మనకు మామూలే. పొలంలో వాడు మీకంటే బాగా దున్నుతుండొచ్చు. కానీ మైనర్ రోడ్డు మీద దొరికితే తండ్రికి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. ఆ అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. లైసెన్సు లేని జీతగాడికి బండి ఇచ్చినా నడిపినవాడికి 5,000, ఇచ్చిన యజమానికి 5,000.

## 3. పొలం గట్టు దగ్గరే చేయాల్సిన మార్పులు

దున్నడానికి పెట్టుకున్న అమరికతోనే రోడ్డెక్కితే ప్రమాదమే. రోడ్డుకు ఇవతలే, చదునుగా ఉన్నచోట ఆపి ఈ పనులు చేయండి.

బ్రేకు పెడల్స్ కలపడం. ట్రాక్టర్‌కు కుడి చక్రానికి ఒక పెడల్, ఎడమ చక్రానికి ఒక పెడల్ ఉంటాయి. చాలు చివర మలుపు తిప్పడానికి వాటిని విడదీస్తాం. అలాగే రోడ్డు మీదికొచ్చి నలభై బస్తాల లోడుతో ఒక్క పెడల్ తొక్కితే ఒక చక్రం మాత్రమే ఆగి బండి అడ్డంగా తిరుగుతుంది. రెండు పెడల్స్‌నూ కలిపే పట్టీ వేయండి. ఆ పట్టీ అరిగిపోయో, ఊడిపోయో ఉంటే మెకానిక్ దగ్గర వెంటనే వేయించుకోండి. వేశాక నెమ్మదిగా పోనిచ్చి ఒకసారి బ్రేకు కొట్టి చూడండి. ఒక పక్కకు లాగితే రెండు బ్రేకులూ సమానంగా పట్టడం లేదని అర్థం.

దమ్ము చేసి వచ్చిన బండికి డ్రై బ్రేకులైతే నీళ్లు, బురద చేరి బ్రేకు సరిగా పట్టదు. గట్టు మీదే రెండు మూడు సార్లు తొక్కి ఆరనివ్వండి.

హ్యాండ్ థ్రాటిల్ తగ్గించడం. పొలంలో చేతి మీటతో రేజింగ్ పెట్టి వదిలేస్తాం. రోడ్డు మీద దాన్ని పూర్తిగా కిందికి దించి కాలి యాక్సిలరేటర్‌నే వాడాలి. లేకపోతే కాలు తీసినా బండి వేగం తగ్గదు.

డిఫరెన్షియల్ లాక్, పీటీఓ తీసేయడం. డిఫరెన్షియల్ లాక్ అంటే వెనక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరిగేలా చేసే మీట. అది పడి ఉంటే మలుపులో స్టీరింగ్ మాట వినదు. పీటీఓ, అంటే పనిముట్టును తిప్పే వెనక షాఫ్టు, తిరుగుతూ ఉంటే చీర కొంగో, కండువానో చుట్టుకుంటుంది.

రోటావేటర్, గొర్రు ఎత్తి కట్టడం. లిఫ్ట్ పూర్తిగా ఎత్తి, మీట దిగకుండా లాక్ వేసి, పక్క చైన్లు బిగించండి. వదులుగా ఉంటే గతుకు వచ్చినప్పుడల్లా వెనక భాగం ఊగుతూ పక్కన పోయే బైకును తాకుతుంది. పనిముట్టు ట్రాక్టర్ వెడల్పు కంటే బయటికి వస్తుంటే రెండు కొసలకూ ఎర్ర గుడ్డ, రిఫ్లెక్టర్ తగిలించండి.

చక్రాల మట్టి దులపడం. తారు రోడ్డు మీద పడిన నల్లమట్టి ముద్దల మీద వాన చినుకు పడితే వెనకొచ్చే బైకు జారిపోతుంది. పార తీసుకుని పెద్ద గడ్డలైనా కొట్టేయండి.

కేజ్ వీల్స్ తీసేయడం. దీని మీదే ఎక్కువ వాదన జరుగుతుంది. ఇనుప చక్రాలు తారును చీరేస్తాయి, సీసీ రోడ్డు అంచులు పగలగొడతాయి. పోలీసులు, రోడ్ల శాఖవాళ్లు ఆపి జరిమానా వేయడమే కాదు, 1984 నాటి ప్రజా ఆస్తుల ధ్వంస నిరోధక చట్టం కింద కేసు పెట్టే వీలు కూడా ఉంది. “రెండు ఫర్లాంగులే కదా” అనే మాట అక్కడ పనిచేయదు.

చేయదగిన పద్ధతులు ఇవి:

- టైరుకు తగిలించే హాఫ్ వీల్స్ అయితే విప్పి ట్రాలీలో వేసుకుని, పొలం దగ్గర మళ్లీ బిగించుకోవడం. బోల్టులకు గ్రీజు రాసి ఉంచితే విప్పడం తేలిక.
- టైర్లు తీసి పెట్టే ఫుల్ వీల్స్ అయితే ట్రాక్టర్‌నే వేరే బండి మీద ఎక్కించి తీసుకెళ్లడం.
- రోడ్డును అడ్డంగా దాటడమే పని అయితే పాత టైరు ముక్కలు, మందపాటి రబ్బరు షీట్లు పరిచి వాటి మీదుగా పోనివ్వడం. ఒక మనిషి రెండు వైపులా బండ్లను ఆపుతూ ఉండాలి.

నాట్ల రోజుల్లో టైం పోతుందన్న బాధ నిజమే. ఒకే వైపు ఉన్న పొలాలన్నీ ఒక దఫాలో దమ్ము చేసేలా ముందే మాట్లాడుకుంటే విప్పే పని సగానికి తగ్గుతుంది.

## 4. ట్రాలీ తగిలించడం

ట్రాలీని డ్రాబార్‌కో (ట్రాక్టర్ వెనక కింద ఉండే లాగుడు పట్టీ), దానికోసమే ఇచ్చిన హిచ్‌కో (కొక్కెం) మాత్రమే తగిలించాలి. టాప్ లింక్ (పనిముట్టును పైనుంచి పట్టే కడ్డీ) బిగించే చోటుకు, ఇరుసుకు పైన ఎక్కడైనా కట్టి లాగితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. బురదలో దిగబడిన బండిని లాగేటప్పుడు జరిగే ఘోరాలు ఎక్కువగా ఇలాంటివే.

పిన్ను పోయిందని ఏదో బోల్టు, ఇనప కడ్డీ దూర్చడం మానేయండి. సరైన పిన్ను, దాని కింద జారిపోకుండా క్లిప్పు, అదనంగా ఒక సేఫ్టీ గొలుసు ఉండాలి. పిన్ను విరిగినా గొలుసు వల్ల ట్రాలీ ఎదుటి లేన్‌లోకి పోకుండా ఉంటుంది.

## 5. వెనక లైట్లు: అందరూ వదిలేసే పని

సూర్యాస్తమయం అయిన అరగంట తర్వాత, అంతకు ముందైనా సరిగ్గా వెలుతురు లేనప్పుడు, లైట్లు వెలిగించాలని నిబంధన. ట్రాక్టర్ హెడ్‌లైట్లు అందరూ వేస్తారు. ట్రాలీ వెనక మాత్రం చీకటి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో కదిలే ఆ నల్లటి రేకు డబ్బాను, 80 మీద వచ్చే కారు డ్రైవర్ చూసేసరికి బ్రేకు కొట్టే టైం కూడా ఉండదు.

ట్రాలీ లైట్లు పదే పదే పోవడానికి కారణాలు కొన్నే.

*వైరు తెగడం.* హిచ్ దగ్గర వైరు పొట్టిగా ఉంటే మలుపులో తెగుతుంది, పొడుగైతే నేలకు రాసుకుంటుంది. ట్రాలీని కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పి చూసి, అంత పొడుగు ఉంచి, మధ్యలో స్ప్రింగుకో రబ్బరుకో వేలాడదీయండి. తీసి పెట్టుకునే ప్లగ్, సాకెట్ ఉంటే ఇంకా మంచిది.

*ఎర్త్ సరిగా లేకపోవడం.* చాలా ట్రాలీల్లో ఎర్త్‌ను హిచ్ పిన్ను ఇనుము మీదే వదిలేస్తారు. తుప్పు పట్టగానే లైటు మిణుకు మిణుకుమంటుంది. ఎర్త్‌కు విడిగా ఒక వైరు లాగించండి. బల్బు మారుస్తూ కూర్చునే పని తప్పుతుంది.

*కనబడకుండా పోవడం.* వెనక తలుపు కిందికి దించేస్తే లైట్లు, నంబరు ప్లేటు దాని చాటుకు పోతాయి. గడ్డి లోడు వేలాడినా అంతే. అలాంటి రోజు కోసం ఒక కర్రకు రెండు లైట్లు, రిఫ్లెక్టర్లు బిగించి, లోడు చివర కట్టుకునేలా తయారు చేసి పెట్టుకోండి.

ఎర్ర రిఫ్లెక్టర్లు, రిఫ్లెక్టివ్ టేపు ట్రాలీ వెనకా, పక్కలకూ అతికించండి. కరెంటు లేకపోయినా ఇవి పనిచేస్తాయి. వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి. దుమ్ము పట్టిన రిఫ్లెక్టర్ ఉన్నా లేనట్టే.

ఇంకొకటి. రాత్రి దుక్కి కోసం మడ్‌గార్డు మీద వెనక్కి చూసే తెల్లలైటు ఉంటుంది కదా, అది రోడ్డు మీద ఆర్పేయాలి. వెనక వచ్చేవాడికి అది ఎదురొచ్చే బండిలా కనిపిస్తుంది, పైగా కళ్లు చెదిరిపోతాయి.

## 6. లోడు

రెండు చక్రాల ట్రాలీలో బరువు ఎక్కడ పడుతుందన్నది ముఖ్యం. వెనక ఎక్కువైతే హిచ్ పైకి లేచి ట్రాక్టర్ చక్రాలకు పట్టు పోతుంది. ముందు మరీ ఎక్కువైతే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పనిచేయదు. బస్తాలను ఇరుసు మీదుగా సమంగా పేర్చి, కొంచెం బరువు ముందుకు ఉండేలా చూడండి.

ఆర్‌సీలో రాసిన బరువు దాటితే 20,000 రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకు 2,000. పక్కలకు, వెనక్కి, పైకి అనుమతించిన హద్దు దాటి లోడు బయటికి వచ్చినా 20,000. పత్తి, వరిగడ్డి తోలేవాళ్లు ఈ రెండోదాన్ని గుర్తుంచుకోవాలి. గడ్డి లోడు కరెంటు తీగలకు తగిలి అంటుకోవడం కూడా ప్రతి వేసవిలో వినే వార్తే. తీగలు వంగిన చోటు మీ దారిలో ఎక్కడెక్కడ ఉందో ముందే చూసుకోండి.

## 7. మనుషులను ఎక్కించడం

ట్రాక్టర్‌కు ఉన్నది ఒక్కటే సీటు, డ్రైవర్‌ది. ట్రాలీ సరుకు కోసం. మిరప కోతలకూ, నాట్లకూ కూలీలను ట్రాలీలో నింపి తీసుకెళ్లడం, మడ్‌గార్డు మీద ఇద్దరిని కూర్చోబెట్టడం మనకు అలవాటైపోయింది. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాల్వలో పడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. అంతకు రెండు నెలల ముందే నల్లగొండ జిల్లాలో ఇలాగే ట్రాక్టర్ కాల్వలో పడి 9 మంది పోయారు.

ట్రాలీ బోల్తా పడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైగా ఆ డబ్బానే మీద పడుతుంది. ఎక్కినవాళ్లకు మీ పాలసీ వర్తించదని కంపెనీ వాదిస్తుంది, చాలా కేసుల్లో నెగ్గుతుంది కూడా.

కూలీల కోసం ఆటోనో, చిన్న వ్యానో మాట్లాడండి. ఆ కిరాయి మేస్త్రీతో ముందే తేల్చుకోండి, కూలి లెక్కలో కలిపేసుకోవచ్చు. ట్రాక్టర్ పనిముట్లు, విత్తనాలు, తాగునీళ్లు మోసుకొస్తే చాలు. కాల్వ గట్టు దారి అయితే దీని మీద ఎవరితోనూ రాజీ పడకండి.

## 8. రోడ్డు మీద

లోడు ట్రాలీతో గంటకు 20–25 కిలోమీటర్లు దాటొద్దు. ఇది చట్టం లెక్క కాదు, నా సలహా. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు కాబట్టి మొత్తం బరువును ట్రాక్టర్ బ్రేకులే ఆపాలి.

కుడి మలుపు. పొలం దారిలోకి తిరిగేటప్పుడు జరిగే ప్రమాదాలే ఎక్కువ. వెనకొచ్చేవాడు మీరు నెమ్మదించారని ఓవర్‌టేక్ చేస్తాడు, మీరు అదే క్షణంలో తిప్పుతారు. వరస ఇలా ఉండాలి:

1. వంద అడుగుల ముందే ఇండికేటర్, దాంతో పాటు చెయ్యి.
2. అద్దంలో చూడటం. లోడు అడ్డొస్తే మెడ తిప్పి చూడటం.
3. వెనక బండి ఉంటే ఎడమకు ఆగి దాన్ని పోనివ్వడం.
4. ఎదురు కూడా ఖాళీ అయ్యాక తిప్పడం.

ట్రాలీ చక్రాలు ట్రాక్టర్ చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. కల్వర్టు దగ్గర ఎడమకు తిరిగేటప్పుడు కాస్త వెడల్పుగా తీసుకోండి.

నాలుగు లైన్ల హైవే. యూ టర్న్ రెండు కిలోమీటర్ల దూరం ఉందని రాంగ్ రూట్‌లో పోవడం ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ. చేత్తో ఫోన్ పట్టుకుని నడపడం కూడా ఇదే సెక్షన్. డివైడర్ గ్యాపులో తిరిగేటప్పుడు ట్రాలీ తోక ఫాస్ట్ లేన్‌లో ఉండిపోతుంది. మొత్తం బండి దాటేంత ఖాళీ దొరికేదాకా ఆగండి. కొన్ని ఎక్స్‌ప్రెస్ వేలలో ట్రాక్టర్లకు ప్రవేశమే లేదు. బెంగళూరు–మైసూరు దారిలో 2023 ఆగస్టు 1 నుంచి అలాగే ఉంది. ఎక్కే ముందు బోర్డు చూసి సర్వీసు రోడ్డు పట్టుకోండి.

దిగుడు. దిగుడు మొదలయ్యేలోపే చిన్న గేరు వేయాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేస్తే ట్రాలీ వెనక నుంచి తోసి బండిని మడత పెడుతుంది.

పాటలు. సౌండ్ బాక్సులు పెట్టుకుంటే వెనక హారన్ వినబడదు. తగ్గించమని చెబితే కుర్రాళ్లకు కోపం వస్తుంది, అయినా చెప్పాలి.

కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు రాత్రిపూట కనబడవు. ఆ రోజుల్లో చీకటి పడక ముందే మిల్లుకు చేరేలా బయల్దేరండి.

మద్యం విషయం చెప్పేదేముంది. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే ట్రాక్టర్‌కైనా అదే సెక్షన్: మొదటిసారి 10,000 రూపాయలు లేదా 6 నెలల జైలు లేదా రెండూ.

## 9. వరికోత మిషన్లు

టైర్ల హార్వెస్టర్ అయితే ముందు కట్టర్ బార్ విప్పి, దాని బండి మీద పెట్టి వెనక లాక్కెళ్లాలి. విప్పకుండా పోతే ఎదుటి బండికి దారే ఉండదు. చైన్ మిషన్‌ను లారీ మీదే తరలించాలి. ఎక్కించేటప్పుడు వాలు బల్లల కింద ఎవరినీ నిలబడనివ్వకండి.

## 10. మధ్యలో ఆగిపోతే

- వీలైనంత ఎడమకు, మట్టి అంచు మీదికి దించండి.
- పార్కింగ్ లైట్లు వేయండి, వెనక ఎర్ర త్రిభుజం దూరంగా పెట్టండి.
- చక్రాలకు అడ్డు పెట్టిన రాళ్లను వెళ్లేటప్పుడు తీసేయండి. మనం వదిలేసిన రాయి ఆ రాత్రే ఏ బైకునో పడేస్తుంది.
- గేరులో పెట్టి, పనిముట్టు కిందికి దించి, తాళం చెవి తీసేసుకోండి.
- రాత్రి వదిలి వెళ్లాల్సి వస్తే ట్రాలీని విప్పి పక్కకు చేర్పించండి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయండి.

## 11. ప్రమాదం జరిగితే

ముందు 108, తర్వాత 112. గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం డ్రైవర్ చట్టబద్ధ బాధ్యత. జనం కొడతారన్న భయం ఉంటే నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, పారిపోవద్దు. పోలీసులకు 24 గంటల్లోపు తెలియజేయాలి. రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స పథకం 2025 మే నుంచి ఉంది. ఆస్పత్రిలో దాని గురించి అడగండి.

బండ్లు కదపకముందే ఫొటోలు తీయించండి: ట్రాలీ వెనక లైట్లు, రిఫ్లెక్టర్లు, బ్రేకు గీతలు, రెండు బండ్ల నంబర్లు. ఇన్సూరెన్స్ కంపెనీకి అదే రోజు చెప్పండి.

నడిపినవాడికి లైసెన్సు లేదని, లైసెన్సు ఉన్న బంధువు పేరు డ్రైవర్‌గా రాయించమని సలహా ఇచ్చే పెద్దమనుషులు అక్కడే తయారవుతారు. వినకండి. ఆస్పత్రి రికార్డు, ఫోన్ లొకేషన్, సాక్షుల మాట ఏదో ఒకచోట తేడా వస్తుంది. అప్పుడు అసలు కేసుకు తోడు తప్పుడు సమాచారం ఇచ్చిన కేసు కూడా మీదపడుతుంది, పేరు ఇచ్చిన బంధువు కూడా ఇరుక్కుంటాడు.